గద్దె కింది గడప

దివ్యశ్రీ పెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది. విశ్వేశ్వరయ్య పేపరు తిప్పుతూనే ఉన్నాడు. తిప్పిన పేజీనే మళ్ళీ తిప్పాడు.

"మామా, కాఫీ చల్లారిపోతాంది."

ఆయన తల వంటింటి వైపు తిరిగింది. "వాసవీ, నాకు కాఫీ వద్దని చెప్పు."

చెప్పాల్సిన మనిషి ఆయనకు మూరెడు దూరంలోనే నిలబడి ఉంది.

"కోడలు ఎదురుగానే ఉంది గదా, మీరే చెప్పండి," అంది వాసవాంబ లోపల్నుంచి. "తొమ్మిది దినాలుగా అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసి నా నోరు పడిపోతాంది."

"అయితే నువ్వూ మాట్లాడొద్దు."

వంటింట్లో గిన్నె ఠంగుమని కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు.

నంద్యాల పెద్ద జవుళి వీధిలో, తన మెట్టినింటి బట్టల అంగడి అరుగు మీద దివ్య ఎర్రరంగు గీత గీయించి ఇవాళ్టికి పది రోజులు. మున్సిపల్ ఆఫీసులో ఆమె ప్లానింగ్ ఉద్యోగి. ఆ వీధిని నడిచేవాళ్ళకు వదిలెయ్యాలని, పగలంతా బండ్లు రానివ్వకూడదని, రెండు పక్కలా నాపరాళ్ళ బాట వేసి కూర్చోవడానికి బెంచీలు పెట్టాలని కాగితం తయారుచేసింది ఆమే. రోడ్డు మీదికి పెరిగిన అరుగులన్నీ పోవాలి. మొదటి గీత సొంత అంగడి మీదే గీయించింది. ఇంటి నుంచి మొదలుపెడితే ఎవరూ నోరెత్తరనుకుంది పిచ్చిది. నిజమే, వీధిలో ఎవరూ నోరెత్తలేదు. ఇంట్లోనే నోళ్ళు మూతబడ్డాయి.

మొదటి రోజు మామ బాగానే అరిచాడు. "అరుగు తీసేస్తే గిరాకీ యాడ కూర్చుంటాది? బండి నిలపనీకుంటే ఎవడొస్తాడు మన అంగడికి?" అన్నాడు. ఆమె జవాబిచ్చింది. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. ఇప్పుడు తలచుకుంటే అదే పండగలా ఉంది. మర్నాడు ఆయన కొలతల కాగితం తెప్పించుకుని చూశాడు. చూసి మడతపెట్టి ఇచ్చేశాడు. అప్పటి నుంచి మాట బందు.

పెళ్ళై వచ్చిన మూడేళ్ళలో ఆ ఇంట్లో దివ్యతో ఎక్కువ మాట్లాడింది మొగుడు కాదు, మామే. సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి రాగానే "ఏంది విశేషాలు?" అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్న లేకపోయేసరికి ఇల్లు ఇంత పెద్దదా అనిపిస్తోంది ఆమెకు.

"వాసవమ్మా, జాకెట్లు తెచ్చినా," అంటూ దెబోరా లోపలికి వచ్చింది.

జవుళి వీధిలో వీళ్ళ అంగడికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది దెబోరా టైలరింగ్ గది. మొత్తం కలిపి ఎనిమిదడుగుల లోతు. ఆమె నాయన గురవయ్య ముప్పై ఏళ్ళు విశ్వేశ్వరయ్య అరుగు మీదే మిషన్ పెట్టుకుని కుట్టాడు. ఆయన పోయి నాలుగేళ్ళు.

"జాకెట్లకు తొందరేముంది దెబోరా? పండగా పబ్బమా?" అంది వాసవాంబ.

"సోమవారం జేసీబీ వస్తాది గదమ్మా. ఉన్నవన్నీ కుట్టి ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తాండా. గదిలో రెండడుగుల ఏడంగుళాలు పోతాదంట. మిషన్ పెడితే నేను పట్టను, నేను కూర్చుంటే మిషన్ పట్టదు." దెబోరా నవ్వింది. ఎవరూ నవ్వలేదు.

దివ్య చల్లారిన కాఫీ చేతిలోకి తీసుకుంది. "పాత రికార్డులో అట్లే ఉందక్కా. మా అంగడి గడప నుంచి ఎదురు వరస గోడలకు ముప్పై మూడడుగులు అని. ఆ కాలందంటూ వీధిలో మిగిలింది మా గడప ఒక్కటే. ఆడ నుంచే కొలవాల. కొలిస్తే మీ వరసంతా ముందుకొచ్చినట్లు తేలె. నేనే రెండుసార్లు కొలిచినా."

"నీ కొలత మీద నాకేం అనుమానం లేదులే దివ్యమ్మా. పొద్దున లేస్తే నేను చేసేదీ అదే పని గదా." దెబోరా జాకెట్ల మడత సవరించింది. "వీధి బాగుపడితే మంచిదే. నడిచొచ్చే ఆడోళ్ళే నాకు గిరాకీ. మా గిరాకీ లింగమ్మను ఈ వీధిలోనే ఆటో కొట్టినప్పట్నుంచి సగం మంది ఈ వీధికి రావడమే మానుకున్నారు. కాకపోతే ఒక్కటే. వీధి ఎందుకు ఇరుకైంది అని ఎప్పుడడిగినా మా నాయన, మన గోడ మనం జరపలేదమ్మా అనేటోడు. మరి ఎవరు జరిపినారు నాయనా అంటే మాట మార్చేటోడు."

విశ్వేశ్వరయ్య లేచాడు. పేపరు ఒళ్ళోంచి జారి కింద పడింది.

"అంగడికి టైమైంది," అన్నాడు గోడకు చెప్పినట్లు. అప్పటికి ఇంకా ఎనిమిది కూడా కాలేదు. గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"పెద్దాయన చెప్పులు మరిచిపోయినాడే," అంది దెబోరా.

మేడ మీది గదిలోంచి తరుణ్ దిగి వచ్చాడు. భార్య వైపు చూడలేదు. తండ్రి చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన వెనకే వెళ్ళిపోయాడు.

*

ఆ మధ్యాహ్నం దివ్య ఆళ్ళగడ్డ బస్సెక్కింది. వీధిలో వెయ్యడానికి రాతి బెంచీలు అక్కడ చెక్కిస్తున్నారు. చూసి సంతకం పెట్టి రమ్మన్నారు ఆఫీసులో.

ఆళ్ళగడ్డ ఆమె పుట్టినూరే. బస్టాండు నుంచి రెండు వీధులు దాటితే అమ్మ ఇల్లు. వెళ్ళలేదు. పద్మమ్మ కూతురి ముఖం చూడగానే "ఒక్కదానివే వచ్చినావేంది?" అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు దొరికాక వెళ్ళొచ్చనుకుంది.

శిల్పి వీరాచారి షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. ఉలి చప్పుళ్ళ మధ్య సగం చెక్కిన విగ్రహాలు, వాటి పక్కన వరసగా బెంచీలు. దివ్య టేపు తీసి ఒక బెంచీ పొడవు చూసింది.

"కూర్చోని చూడమ్మా," అన్నాడు వీరాచారి. డెబ్బై దాటిన మనిషి. కనుబొమల మీద కూడా రాతిపిండే. "బెంచీ కూర్చోనీకి గదా, కొలవనీకి గాదు."

ఆమె నవ్వి కూర్చుంది. నలుగురికి సరిపోయే బెంచీ. చివరన ఒక్కతే కూర్చుంటే మిగిలిన చోటంతా కనిపిస్తోంది. తాను కోరుకున్న వీధి అంతా ఆ బెంచీలో ఉంది. సంచులు పక్కన పెట్టుకుని ఊపిరి పీల్చుకునే ఆడవాళ్ళు, మనవల కోసం ఎదురుచూసే ముసలివాళ్ళు. దానికోసం ఇంత పోగొట్టుకోవాలా అనిపించింది.

"ఏ వీధికమ్మా ఇవి?"

"పెద్ద జవుళి వీధికి. మా అంగడి గూడా ఆడనే. విశ్వేశ్వరయ్య కోడల్ని."

"ఓయమ్మ!" ముసలాయన ముఖం విప్పారింది. "మీ అంగడి గడప నేను చెక్కిందే. ఎద్దులబండి మీద ఏసుకొచ్చి మా నాయనా నేనూ నిలబెట్టినాం. తరుణ్ బాబు అప్పుడు దోగాడతాండె."

"అది చాలా పాత గడప గదా తాతా?"

"యాడ పాతది! ఇరవై ఎనిమిదేండ్లు. చెక్క తలుపులు తీసేసి షట్టర్ పెట్టినప్పుడు ముందుకు జరిపి ఏసినాం."

దివ్య చేతిలో టేపు సర్రుమని లోపలికి చుట్టుకుంది.

"ముందుకా? ఎంత?"

"రెండడుగుల పైనే. సరిగ్గా ఎంతో మీ మామకే తెలియాల. ఆ దినాల్లో అందరూ జరుపుకున్నోళ్ళే. ఎవరడగొచ్చినారు!"

"పాత గడప ఏం చేసినారు?"

"పీకుదామంటే మీ అత్త అడ్డం కూర్చునె. అప్పుడు మీ ఇల్లూ అంగడీ ఒకటే. నేను పెండ్లై కుడికాలు పెట్టిన గడప ఇది, నన్ను పీకి దాన్ని పీకండి అనె. పసుపు రాసిన గడప పీకనీకి నాకు మాత్రం చేతులొస్తాయా? ఆడనే ఇడ్సినాం. మనుషులు నడిచే కాడ బండలు పరిచి, మీ మామ కూర్చునే గద్దె కింద మాత్రం కప్పకుండా పెట్టినాం. ఏంటికమ్మా, ఏమైంది?"

"ఏం లేదు తాతా." ఆమె లేచి నిలబడింది. బెంచీల కాగితం మీద సంతకం పెట్టడం మరిచిపోయింది. ఆయనే వెనక నుంచి పిలిచి పెట్టించుకున్నాడు.

ప్రతి శుక్రవారం అత్త అంగడికి వెళ్ళి గడపకు పసుపు రాస్తుంది. తర్వాత గద్దె మీది పరుపు ఒక మూల ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి, అక్కడా రాస్తుంది. మూడేళ్ళుగా చూస్తోంది దివ్య. గద్దెకు చేసే లక్ష్మీపూజ అనుకుంది. ఆమెకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే.

బస్టాండులో నిలబడి తరుణ్‌కు ఫోన్ చేసింది.

"తరుణ్, గద్దె కింద ఇంకో గడప ఉందా?"

అవతల అంగడి సందడి. ఎవరో గుడ్డ చించిన చప్పుడు.

"ఎవరు చెప్పినారు?" అన్నాడతను.

ఉందా అని అడిగితే ఎవరు చెప్పారంటున్నాడు. ఆమెకు అది చాలు.

"నీకు తెలుసు."

"చిన్నప్పుడు గద్దె కింద దూరి దాక్కునేటోన్ని. తెలీకుండా ఎట్లుంటాది?"

"నేను గడప కాడ టేపు పెట్టి కొలుస్తాంటే రెండో కొస పట్టుకునింది నువ్వే గదప్పా!"

"పట్టుకోమంటివి, పట్టుకున్నా. వేరే ఏమన్నా అడిగితివా?"

"దెబోరక్క బతుకు రోడ్డున పడతాది. ఆమె ఒక్కతే కాదు, ఆ వరసంతా. తప్పు మనది, కూలగొట్టేది వాళ్ళవి."

"నిజం రాస్తే మన ముందుభాగం, షట్టర్, గద్దె అన్నీ పోతాయి. ఇరవై ఎనిమిదేండ్లు ఊరిని మోసం చేసినారని నాయన పేరు పోతాది. తప్పు కొలత రాసినందుకు నీ ఉద్యోగానికీ ఎసరు వస్తాది. ఎవరికోసం దివ్యా?"

"రేపు మధ్యాహ్నం లోపల ఆఫీసులో ఇస్తేనే సోమవారం పని ఆగేది."

"ఇంటికి రా. మాట్లాడుకుందాం."

ఇంటికి వెళ్ళాక ఎవరూ మాట్లాడలేదు.

*

శుక్రవారం పొద్దున తొమ్మిదికి వాసవాంబ పసుపు గిన్నె పట్టుకుని అంగడికి బయల్దేరింది. దివ్య ఆమె వెనకే నడిచింది. అత్త వద్దనలేదు, రమ్మనలేదు. ఎదురొచ్చే మోటారు సైకిళ్ళకు తప్పుకుంటూ, ఒకరి వెనక ఒకరు, వీధంతా మాట లేకుండా నడిచారు.

తరుణ్ అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. దానికి ఎడమ పక్క కాస్త ఇరుకు. ఎత్తినా దించినా మధ్యలో ఒకసారి ఆగి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి మళ్ళీ కదిలించడం అతని అలవాటు. విశ్వేశ్వరయ్యకు అంత ఓపిక లేదు, ఒక్క ఊపున లాగేస్తాడు.

వాసవాంబ షట్టర్ ముందు గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. గద్దె దగ్గరికి వచ్చింది. విశ్వేశ్వరయ్య అప్పటికే ఎక్కి కూర్చున్నాడు.

"కొంచెం జరగండి."

"ఈ వారం వద్దు."

"ఇరవై ఎనిమిదేండ్లలో ఒక్క శుక్రవారం తప్పలేదు."

"వద్దంటాండా గదా."

"పిల్లకు తెలిసిపోయింది," అంది వాసవాంబ. "రాత్రి కంచం ముందు కూర్చోని అన్నం చూడలే. నా చేతులే చూస్తా కూర్చునె."

విశ్వేశ్వరయ్య పరుపు అంచు ఒకసారి సరిచేశాడు. తర్వాత గద్దె దిగి, పక్కనే నిలబడ్డాడు. వాసవాంబ పరుపు ఎత్తింది, కింది పలక తీసింది.

నల్లటి రాయి. మధ్యలో కాళ్ళు తగిలి అరిగి పల్లమైంది. దాని మీద ఏళ్ళ నాటి పసుపు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. వాసవాంబ వంగి దాని మీద చెయ్యి వేసింది.

"మామా, నాకెందుకు చెప్పలేదు?" అంది దివ్య.

ఆయన చూపు రాయి మీదే ఉంది.

"కొలతలో మోసం నా ఇంటావంటా లేదని మీరే చెప్తిరి. నేను వచ్చిన కొత్తలో మీటరు కట్టె చేతికిచ్చి గుడ్డ కొలవడం నేర్పిస్తిరి. గుడ్డను లాగి కొలవకూడదమ్మా అంటిరి."

"అడిగినోళ్ళకు నేను అబద్ధం చెప్పలే," అన్నాడు విశ్వేశ్వరయ్య. పది రోజుల తర్వాత ఆమెతో ఆయన ఆడిన మొదటి మాట. "ఎవరూ అడగలే. గురవయ్య కండ్ల ముందరే జరిపినా. ఆ దినం వాడు అరుగు మీద మిషన్ తొక్కుతా చూసినాడు. సచ్చేదాంక ఎవరికీ చెప్పలే. కూతురికి గూడా."

"ఆ కూతురి గదే గదా మామా సోమవారం పగలగొట్టేది."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

దివ్య సంచిలోంచి టేపు తీసింది. "తరుణ్, కొస పట్టుకో."

తరుణ్ చీర మడతపెడుతున్నాడు. మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెడుతున్నాడు. తండ్రిని చూశాడు, తల వంచుకున్నాడు.

"తరుణ్!"

"నా వల్ల కాదు దివ్యా."

టేపు కొక్కెం పాత గడప అంచుకు తగిలించి ఆమె బయటి గడప దగ్గరికి వెళ్ళింది. కొక్కెం జారింది. వెనక్కి వచ్చి మళ్ళీ తగిలించింది. మళ్ళీ జారింది. మూడోసారి దాని మీద పసుపు గిన్నె పెట్టి చూసింది. గిన్నె దొర్లి పసుపంతా నేల మీద పడింది. నలుగురున్న అంగడిలో ఒక టేపు కొస పట్టుకునే మనిషి లేడు. ఏడుపు వచ్చేస్తే అక్కడే నేల మీద కూర్చుని కొక్కెం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అట్ల కాదు," అన్నాడు విశ్వేశ్వరయ్య. "అట్ల పెడితే కొలత తప్పు వస్తాది."

మోకాళ్ళు పట్టుకుని కష్టంగా కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి కొస తీసుకుని రాతి అంచుకు ఆనించి, బొటనవేలితో అదిమిపెట్టాడు. బట్టల అంగట్లో యాభై ఏళ్ళు కొలిచిన చెయ్యి. కొస వెంట్రుక వాసి కదల్లేదు.

"లాగొద్దు. వదులు గూడా ఇడ్సొద్దు. ఆ, ఇప్పుడు చూడు. ఎంత?"

"రెండడుగుల ఏడంగుళాలు మామా."

"దెబోరా గదిలో నువ్వు పెట్టిన గీత ఎంత లోపలికి పోయింది?"

"అంతే. రెండడుగుల ఏడంగుళాలు."

ఆయన తల ఊపాడు. అంగుళం తేడా ఉన్నా బాగుండునని ఆశపడ్డట్టున్నాడు.

"రాసుకో."

ఆమె అక్కడే నేల మీద కాగితం పెట్టి రాసింది. చేతికి అంటిన పసుపు కాగితం మూలకూ అంటింది. ఆమె రాసేదాకా ఆయన బొటనవేలు తియ్యలేదు.

"రాసినావా?"

"రాసినా."

"సంతకం పెట్టినావా?"

"పెట్టినా మామా."

"అయితే పో." ఆయన వేలు తీశాడు. టేపు చుట్టుకుంటూ వచ్చి ఆమె చేతికి తగిలింది. "పోయి ఇచ్చిరా. నేను ఆపను. కానీ అది ఇచ్చినాక మా గడప తొక్కొద్దు."

"ఏమండీ!" అంది వాసవాంబ.

"నువ్వు మాట్లాడొద్దంటిని గదా," అన్నాడాయన. ఆ గొంతులో కోపం లేదు. అందుకే దివ్యకు ఎక్కువ భయమేసింది.

వాసవాంబ నేల మీద పడిన పసుపును గిన్నెలోకి ఎత్తుతోంది. తరుణ్ చీర మడత వదిలి నిలబడ్డాడు. ఏదో అనబోతున్నాడనుకుంది దివ్య. కాగితం సంచిలో పెట్టుకుని, అవసరం లేకపోయినా సంచి మూతి రెండుసార్లు సరిచేసుకుంది. అతను మళ్ళీ చీర చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె గడప దాటి, ఎర్రగీత ఉన్న అరుగు దిగి, వీధిలోకి వచ్చింది.

ఎదురుగా దెబోరా గది తలుపు తీసి ఉంది. లోపల సామానంతా గోనెసంచుల్లో కట్టి పెట్టి ఉంది. మిషన్ ఒక్కటే మిగిలింది. దెబోరా తల ఎత్తి చూసి నవ్వింది.

"ఏందమ్మా, ముఖం పీక్కుపోయింది? ఏమన్నా తిన్నావా లేదా పొద్దున?"

పది రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి. దివ్య వీధి మధ్యలో నిలబడిపోయింది. ఒక ఆటో హారన్ కొడుతూ ఆమెను రాసుకుంటూ పోయింది.

అప్పుడు వెనక షట్టర్ దిగుతున్న చప్పుడు వినిపించింది. శుక్రవారం, తొమ్మిదిన్నరకు, ఇంకా బోణీ కూడా కాని అంగడి మూసేస్తున్నారు. ఆమె తిరిగి చూడలేదు. మామే లాగుతున్నాడనుకుంది. ఆయనే అయి ఉండాలని కోరుకుంది.

షట్టర్ సగంలో ఆగింది. అరచేత్తో రెండు దెబ్బలు వినిపించాయి. మళ్ళీ కదిలి, నెమ్మదిగా, కింది దాకా దిగింది.